పేరు పెడితే ఏం ఒరిగింది?

రాజమండ్రి దానవాయిపేటలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన వాదన ఇది. వాదించినవాళ్లలో ఒకరు కోనసీమలో నలభై ఏళ్లు జనరల్ ప్రాక్టీసు చేసి ఈమధ్యే బోర్డు దించేసిన డాక్టరుగారు. రెండోవారు ఆయన మేనకోడలు, ఇదే ఊళ్లో నరాల డాక్టరు. ఇద్దరికీ గొడవ తెచ్చిపెట్టింది ఒక రిటైర్డు మాస్టారు. ఆయన్ని మొదట మావయ్యగారు చూశారు, తర్వాత మేనకోడలు చూసింది. మాస్టారి పేరూ ఊరూ ఇక్కడ రాయను. వాదించే ఇద్దరూ నాకు దగ్గరివాళ్లే కాబట్టి ఎవరి పక్షమూ పట్టలేదు. పడితే రాత్రి భోజనం ఉండదు.

మావయ్య: మాస్టారికి ఏం జబ్బని చెప్పావే అమ్మాయ్? వాళ్లబ్బాయి ఫోన్ చేసి "డాక్టరమ్మగారు పీఎస్సీ అని రాశారండి, అది మళ్లీ ఏం పరీక్షండీ" అంటాడు.

మేనకోడలు: పీఎస్సీ కాదు మావయ్యా, పీఎస్‌పీ. ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ.

మావయ్య: ఏదో ఒకటి. ఏడాది కిందట నేను చూసినప్పుడు "పార్కిన్సన్స్ లాంటిది" అని రాసి లీవోడోపా మాత్రలు మొదలెట్టాను. నువ్వు పేరు మార్చావు. బాగుంది. మాత్ర మారిందా? లేదు. మాస్టారు పడటం ఆగిందా? లేదు. నయమవుతుందా అంటే అదీ లేదంటావు. ఆ ఇంట్లోవాళ్లు ఇప్పుడు జబ్బుతోపాటు ఒక పేరు కూడా మొయ్యాలి. పేరు పెడితే ఏం ఒరిగిందంట?

మేనకోడలు: ముందు ఆ పేరు ఎందుకు పెట్టానో వినండి. పార్కిన్సన్స్ మనిషి మొదటి ఏళ్లలో సాధారణంగా పడడు. ఒక పక్క చెయ్యి వణుకుతుంది, అడుగు చిన్నదవుతుంది, ఒళ్లు ముందుకు వంగుతుంది. మాస్టారికి వణుకే లేదు. మొదటి ఏడాదే పడ్డారు, అదీ వెల్లకిలా, చేతులు అడ్డం పెట్టుకోకుండా. మెడ నిటారుగా బిగుసుకుంది. వాళ్లావిడని అడిగితే అసలు సంగతి బయటపడింది. కోటిలింగాల రేవు మెట్లు దిగడానికి జంకుతున్నారట. కంచంలోకి చూడకుండా అన్నం కలుపుతున్నారట, సగం చొక్కా మీదే పడుతోందట. కళ్లజోడు మార్చి చూశారు, లాభం లేకపోయింది.

మావయ్య: కళ్లజోడు మారిస్తే ఏం లాభం? చూపు బాగానే ఉంది కదా.

మేనకోడలు: అదేనండి. కన్ను బాగుంది, కండరం బాగుంది, దాన్ని తిప్పే నరమూ బాగుంది. కిందికి చూడమని ఆజ్ఞ పంపే చోటు, మధ్యమెదడు పైభాగం, అక్కడ పాడైంది. "కిందికి చూడండి మాస్టారూ" అంటే కనుగుడ్డు కదల్లేదు. ఆయన్ని నా ముక్కు మీదే చూపు ఉంచమని, నేనే తల పట్టుకుని పైకీ కిందికీ వంచితే కనుగుడ్లు చక్కగా తిరిగాయి. ఆ చిన్న పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఎమ్మారై తర్వాత తీయించాను. పక్కనుంచి చూస్తే మధ్యమెదడు అణిగిపోయి, పొడుగుముక్కు పిట్ట బొమ్మ కనిపించింది. హమ్మింగ్‌బర్డ్ గుర్తు అంటాం.

మావయ్య: మన తేనెపిట్ట అనవే, వినడానికైనా బాగుంటుంది.

మేనకోడలు: అలాగే అందాం. 1964లో టొరంటోలో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్జెవ్‌స్కీ అని ముగ్గురు డాక్టర్లు తొమ్మిదిమంది రోగుల కథ రాశారు. ఇదే బిగుసుకున్న మెడ, ఇదే పడటం, ఇదే కిందికి దిగని చూపు. అంతకుముందు ఇలాంటివాళ్లు లేరని కాదు. అందరినీ పార్కిన్సన్స్ గంపలోనే వేసేవాళ్లు.

మావయ్య: వేస్తే తప్పేంటి అంటున్నా. నీ పేర్లు ఎంతవరకు నిలబడతాయో నేనూ చదివానులే, బోర్డు దించాక తీరికేగా. 1992లో లండన్‌లో లెక్క తీశారు. బతికున్నప్పుడు పార్కిన్సన్స్ అని చెప్పిన 100 మంది మెదళ్లు పోయాక కోసి చూస్తే నిజంగా పార్కిన్సన్స్ 76. ఆ తర్వాత ఫ్లోరిడాలో ఎంఎస్‌ఏ (మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ) అన్న 134 మందిని చూస్తే అది నిజమైంది 83 మందికే. మిగతావాళ్లలో లూయీ బాడీ జబ్బు ఉంది, నీ పీఎస్‌పీ ఉంది, మామూలు పార్కిన్సన్స్ ఉంది. ఇక కార్టికోబేసల్ అని ఒకటుంది చూడు, 2010లో మళ్లీ లండన్‌లోనే 21 మంది మెదళ్లు చూస్తే ఆ జబ్బు దొరికింది ఐదుగురిలో. ఇరవై ఒకటికి అయిదు! ధవళేశ్వరం బ్యారేజీ మీద చిలక జోస్యం చెప్పేవాడు అంతకంటే నయం కదే!

మేనకోడలు: ఆ పరిశోధన రాసినవాళ్లే "కార్టికోబేసల్ డీజనరేషన్ అనేది అసలు ఉందా" అని శీర్షిక పెట్టుకున్నారు మావయ్యా, మీకంటే ముందే వెక్కిరించుకున్నారు. కానీ ఆ లెక్క చెప్పేది మీరు అనుకున్నది కాదు. మేం పేరు పెట్టేవి రెండు రకాలు. పైకి కనిపించే తీరుకి ఒక పేరు, లోపల పేరుకున్న ప్రోటీనుకి ఇంకో పేరు. మొదటిది చూసి చెప్పగలం. రెండోది ఊహించగలం, అంతే. ఈ రెండూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయని మొదట్లో అనుకున్నాం. సరిపోవు.

మావయ్య: ఎందుకు సరిపోవు?

మేనకోడలు: లక్షణం పుట్టేది మెదడులో ఏ చోటు చెడిందన్న దాన్నిబట్టి. ఏ ప్రోటీను వల్ల చెడిందో దానికి అనవసరం. పైభాగంలో, పుర్రెకి ఒక పక్క, చేతిపనుల్ని నడిపే చోటు ఉంది. అది చెడితే ఒక చెయ్యి బిగుసుకుంటుంది, ఉలిక్కిపడుతుంది. దణ్ణం పెట్టమంటే బలం ఉండీ చెయ్యి ఎలా కలపాలో తెలియదు. కొందరికి ఆ చెయ్యి తనదే కాదనిపిస్తుంది, దానంతటది లేచి పైట లాగుతుంది, గుండీలు విప్పుతుంది. ఇంట్లోవాళ్లు భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. 1968లో బోస్టన్‌లో ముగ్గురు రోగుల్ని వర్ణించి రెబీజ్ అనే ఆయన, ఇంకో ఇద్దరూ ఈ కార్టికోబేసల్ తీరుని మొదట లోకానికి చెప్పారు. ఇప్పుడు తెలిసిందేమిటంటే ఆ చోటుకి పీఎస్‌పీ వెళ్లినా అదే చెయ్యి, అల్జీమర్స్ వెళ్లినా అదే చెయ్యి.

మావయ్య: చూశావా, నా వాదన నువ్వే చేస్తున్నావు.

మేనకోడలు: ఇంకొంచెం చేస్తాను. తిరగేసి చూసినా అంతే. ఒకే పీఎస్‌పీ రకరకాల వేషాల్లో వస్తుంది. ఒకరికి మాస్టారిలా పడటం, చూపు. ఇంకొకరికి మొదటి రెండు మూడేళ్లు అచ్చం పార్కిన్సన్స్: వణుకు ఉంటుంది, లీవోడోపా కాస్త పనిచేస్తుంది కూడా. మరొకరికి కాలు నేలకి అతుక్కుపోవడం ఒక్కటే. వేరొకరికి కోపం, మాట తగ్గిపోవడం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టడం. 2017లో ప్రపంచంలోని నిపుణులు కూర్చుని నిబంధనలు తిరగరాసి ఈ రకాలన్నిటికీ చోటిచ్చారు. లిండా రాన్‌స్టాట్ అని అమెరికాలో పెద్ద గాయని. 2013లో తనకి పార్కిన్సన్స్ అని చెప్పింది. 2019కల్లా అది పీఎస్‌పీ అని తేలింది. అంత డబ్బూ, అంత వైద్యమూ అందుబాటులో ఉన్న మనిషికే ఆరేళ్లు.

ఇక్కడ నేనొక్కసారి నోరెత్తాను. లోపల పేరుకునే ఆ ప్రోటీన్ల గొడవేమిటో మామూలు మాటల్లో చెప్పమని అడిగాను.

మేనకోడలు: ముఖ్యంగా రెండు ప్రోటీన్లు. ఒకటి టౌ, రెండోది ఆల్ఫా సైన్యూక్లిన్. రెండూ ఆరోగ్యంగా ఉన్న నరకణాల్లోనూ ఉంటాయి, పనిచేస్తుంటాయి. వయసుతోనో, జన్యువుతోనో, ఇంకా పూర్తిగా అర్థంకాని కారణాలతోనో మడత తప్పుతాయి. మడత తప్పిన అణువు పక్కదాన్ని కూడా తనలాగే మడుస్తుంది. అలా గడ్డకట్టి కణాన్ని చంపుతాయి. పీఎస్‌పీ, కార్టికోబేసల్ రెండూ టౌ జబ్బులు. పార్కిన్సన్స్, లూయీ బాడీ మతిమరుపు, ఎంఎస్‌ఏ, ఈ మూడూ సైన్యూక్లిన్ జబ్బులు. పార్కిన్సన్స్‌లో అది నరకణం లోపల ఉండలు కడుతుంది. ఫ్రెడరిక్ లూయీ 1912లో చూసినవి అవే, అందుకే లూయీ బాడీలు. ఎంఎస్‌ఏలో మాత్రం నరాలకి తొడుగు నేసే కణాల్లో పేరుకుంటుంది. అది 1989లో గానీ తెలియలేదు.

మావయ్య: ఒకే టౌ అయినప్పుడు పీఎస్‌పీ, కార్టికోబేసల్ రెండెందుకు? ఒకటే అనుకోవచ్చుగా.

మేనకోడలు: మొన్నమొన్నటిదాకా ఆ అనుమానం మాకూ ఉంది. మైక్రోస్కోపు కింద పీఎస్‌పీలో టౌ నక్షత్రాకారపు కణాల మధ్యలో కుచ్చులా ఉంటుంది, కార్టికోబేసల్‌లో అదే కణాల కొసల్లో వలయంగా ఉంటుంది. తర్వాత కేంబ్రిడ్జిలో గోడెర్ట్, షేర్స్ బృందం గడ్డకట్టించిన పోగుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో అణువు అణువూ చూశారు. 2020లో కార్టికోబేసల్ మడత, 2021లో పీఎస్‌పీ మడత బయటపడ్డాయి. ప్రోటీను ఒకటే, మడత వేరు. కాబట్టి జబ్బులు వేరే. పైకి ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటి కావు.

మావయ్య: సరే, లోపల వేరు. నా దగ్గరికొచ్చేది లోపలి మడత కాదు, మనిషి. నా లెక్కలో రెండే గదులు. నయమయ్యేవి, నయంకానివి. మొదటి గదిలో ఒక్కటీ తప్పిపోకూడదు. దానికోసం నేను ముందు అడిగేది మందుల సంచి. గ్యాస్ అని చెప్పి రోజూ మింగే మాత్రల్లో లీవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి సిన్నారిజైన్ వేస్తారు. మైగ్రేన్‌కి ఫ్లునారిజైన్, వాంతులకి మెటోక్లోప్రమైడ్. ఇవన్నీ మెదడులో డోపమిన్‌కి అడ్డంపడేవే. మనిషి బిగుసుకుపోతాడు, మొహంలో కళ పోతుంది, చెయ్యి వణుకుతుంది. ఆపేస్తే చాలామందికి వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గుతుంది. వీళ్లని పార్కిన్సన్స్ అని ముద్రేసి, పైన ఇంకో మాత్ర ఇచ్చి, ఆ గ్యాస్ మాత్ర మాత్రం ఆపకుండా ఏళ్లు నడిపిన చీటీలు నేను చూశాను.

మేనకోడలు: మాస్టారి సంచిలోనూ సిన్నారిజైన్ ఉంది మావయ్యా. పడుతున్నారు కాబట్టి కళ్లు తిరుగుతున్నాయనుకుని ఎవరో రాశారు. ఆపించాను. కాస్త బిగువు తగ్గింది, చూపు మాత్రం రాలేదు. ఈ అనుమానం తీర్చడానికి ట్రోడాట్ స్కాన్ ఉంది, హైదరాబాదులో చేస్తారు. మందు వల్ల వచ్చిన బిగువైతే అందులో డోపమిన్ తీగలు మామూలుగా కనిపిస్తాయి. కానీ అదే స్కాన్ పార్కిన్సన్స్‌కీ పీఎస్‌పీకీ ఎంఎస్‌ఏకీ తేడా చెప్పలేదు, మూడింట్లోనూ తగ్గే ఉంటుంది. ఆ సంగతి తెలియక అందరికీ రాస్తే డబ్బు దండగ.

మావయ్య: అదీ మాట! ఇక మెదడులో నీళ్లు చేరేది, నడక, మూత్రం, మతి మూడూ చెడేది, అదీ మొదటి గదే. గొట్టం వేస్తే కొందరు లేచి నడుస్తారు. మేనరికాల ఇళ్లలో కుర్రాడికి వణుకొస్తే రాగి జబ్బు, విల్సన్స్, చూడాలి. దానికి మందుంది. ఈ గది నేను బాగానే కాపలా కాస్తాను. రెండో గదిలో నీ ఆరు పేర్లతో నాకు పనిలేదంటున్నా.

(నిజం చెప్పాలంటే ఈ రెండు గదుల లెక్క నాకు బాగా నచ్చింది. మేనకోడలు దాన్ని ఎలా పడగొడుతుందా అని చూశాను.)

మేనకోడలు: రెండో గదిలో మనుషులు ఒకేలా చావరు మావయ్యా. ఎంఎస్‌ఏ మనిషిని తీసుకోండి. పడుకున్నప్పుడు బీపీ 160. డాక్టరు బీపీ మాత్ర రాస్తాడు, ఆవకాయ మానెయ్యమంటాడు. ఎవరూ నిలబెట్టి చూడలేదు. మూడు నిమిషాలు నిలబెడితే 90కి పడిపోతుంది. ఆయన పడేది బిగువు వల్ల కాదు, మెదడుకి రక్తం అందక. ఆ మనిషికి ఉప్పు పెంచాలి, నీళ్లు పెంచాలి, మంచం తలవైపు ఎత్తాలి, బీపీ మాత్ర తగ్గించాలి. మూత్రం సరిగా రావడం లేదంటే ప్రోస్టేట్ ఆపరేషన్ చేస్తారు. చేశాక లీకవుతూనే ఉంటుంది, ఎందుకంటే చెడింది ప్రోస్టేట్ కాదు, మూత్రాశయాన్ని నడిపే నరాలు. ప్రోస్టేట్‌కిచ్చే కొన్ని మాత్రలు బీపీని ఇంకా పడగొడతాయి. రాత్రి నిద్రలో గురక కాని గురక, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తుంది. స్వరపేటిక మూసుకుంటోందన్నమాట. కొందరు ఆ నిద్రలోనే పోతారు. దానికి మాస్కు యంత్రం ఉంది. పార్కిన్సన్స్ లాంటిది అని రాసుకుని కూర్చుంటే ఆ శబ్దం గురించి ఎవరు అడుగుతారు?

మావయ్య: నిలబెట్టి బీపీ చూడటానికి ఎంఎస్‌ఏ అని పేరు పెట్టక్కర్లేదు. ప్రతి ముసలాయనకీ చూడాలి. నేను చూసేవాణ్ణి.

మేనకోడలు: మీరు చూసేవారు. లూయీ బాడీ మతిమరుపు చెప్తాను. గదిలో ఎవరో చిన్నపిల్లలు కూర్చున్నారంటాడు పెద్దాయన. ఒకరోజు స్పష్టంగా మాట్లాడతాడు, మర్నాడు అయోమయం. నిద్రలో అరుస్తాడు, కాళ్లు విసురుతాడు, పక్కన పడుకున్నావిడని కొడతాడు. దెయ్యం పట్టిందని తాయెత్తు కడతారు. ఈ నిద్రలో తన్నులాట సైన్యూక్లిన్ జబ్బుల్లో మిగతా లక్షణాలకంటే ఏళ్ల ముందే వస్తుంది, టౌ జబ్బుల్లో అరుదు. ఆ ఒక్క ప్రశ్నతో లోపలి ప్రోటీను ఏదో సగం ఊహించొచ్చు. ఇప్పుడు ఆయన రాత్రి గొడవ చేస్తున్నాడని ఎవరైనా హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేశారనుకోండి. మనిషి కర్రలా బిగుసుకుని మంచం పడతాడు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పేరు ముందే రాసి ఉంటే ఆ ఇంజెక్షన్ పడదు.

మావయ్య: ఊఁ. అది ఒప్పుకుంటాను. మాస్టారి సంగతి చెప్పు.

మేనకోడలు: మాస్టారికి గండం గొంతు దగ్గర. పీఎస్‌పీలో మింగడం చెడుతుంది, అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. ఎక్కువమంది దానితోనే పోతారు. పల్చటి మజ్జిగ, కాఫీ, మంచినీళ్లు ప్రమాదం. చిక్కటి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం నయం. చేప పెడితే ముల్లు ఉండకూడదు, పులస అయినా సరే. గడ్డం గుండెవైపు వంచి మింగమని నేర్పాలి.

మావయ్య: జావకీ మజ్జిగకీ తేడా చెప్పడానికి నీ పీఎస్‌పీ ఎందుకే? పొలమారే ఏ మనిషికైనా చెప్తాను.

మేనకోడలు: పొలమారాక చెప్తారు. మాస్టారికి ఇంకా పొలమారడం లేదు. నేను ఇప్పుడే చెప్పాను.

మావయ్య కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత దారి మార్చారు.

మావయ్య: సరే, లీవోడోపా ఎందుకు పనిచెయ్యదో చెప్పు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మన దూలగొండి గింజల్లోంచే తీశారు దాన్ని. పొలం గట్టు మీది తీగ. అది పార్కిన్సన్స్‌ని లేపి నడిపిస్తుంది కదా.

మేనకోడలు: పార్కిన్సన్స్‌లో డోపమిన్ తయారుచేసే కణాలు చస్తాయి, అందుకునే కణాలు మిగిలి ఉంటాయి. మాత్రతో పంపితే అందుకుంటాయి. ఎంఎస్‌ఏలో అందుకునే కణాలు కూడా చస్తాయి. పీఎస్‌పీలో డోపమిన్‌తో సంబంధంలేని చోట్లు కూడా చెడతాయి. పంపినా పుచ్చుకునేవాడు ఉండడు. అయినా మొదట కొన్ని నెలలు సరిపడా మోతాదులో ఇచ్చి చూడాల్సిందే, కొందరికి పనిచేస్తుంది కాబట్టి. మీరు మొదలెట్టడం సరైనదే. పనిచెయ్యకపోయినా మోతాదు పెంచుకుంటూ పోవడమే వద్దు. తలలో తీగలు పెట్టే ఆపరేషన్ కూడా అంతే. పార్కిన్సన్స్‌కి బాగుంటుంది, పీఎస్‌పీకీ ఎంఎస్‌ఏకీ లాభం లేదు, ఒక్కోసారి నష్టం. మాస్టారబ్బాయి ఎకరం అమ్మి ఆ ఆపరేషన్ చేయిద్దామని వచ్చాడు నా దగ్గరికి. పేరు పెడితే ఏం ఒరిగిందన్నారుగా, ఆ ఎకరం మిగిలింది.

మావయ్య: (నవ్వి) అది గట్టి దెబ్బే. మిగిలిన ఎకరంలో లక్ష్మణఫలం వేశాడేమో చూడు. ఆ కుర్రాడు కడియం నర్సరీల నుంచి మొక్క తెచ్చి, ఆకు కషాయం కాచి తండ్రికిస్తున్నాడని విన్నాను. క్యాన్సరుకి మంచిదన్నారుగా, దీనికీ మంచిదే అనుకున్నాట్ట.

మేనకోడలు: అయ్యో! అది వెంటనే మాన్పించాలి మావయ్యా. కరీబియన్‌లో గ్వాడెలూప్ అని దీవి. అక్కడ లీవోడోపాకి లొంగని, పీఎస్‌పీని పోలిన జబ్బు మామూలుకంటే చాలా ఎక్కువగా కనిపించింది. 1999లో కాపరోస్ లెఫెబ్వ్ర్, ఎల్బాజ్ అనే ఇద్దరు లాన్సెట్‌లో రాశారు. అక్కడివాళ్లు లక్ష్మణఫలమూ, దాని ఆకు కషాయమూ బాగా వాడతారు. అందులో అనొనాసిన్ అనే పదార్థం కణానికి శక్తినిచ్చే వ్యవస్థని దెబ్బతీస్తుంది. ఎలుకల్లో పరీక్షిస్తే మెదడు చెడింది. మనుషుల్లో అదే కారణమని కచ్చితంగా తేలలేదు.

మావయ్య: సీతాఫలం కూడా ఆ కుటుంబమే. జనాన్ని బెదిరించకు.

మేనకోడలు: బెదిరించడం లేదు. కార్తీకంలో నాలుగు సీతాఫలాలు తిన్నవాళ్లకి ప్రమాదమని ఎవరూ నిరూపించలేదు. రోజూ లక్ష్మణఫలం ఆకు కషాయం తాగడం వేరు. అందులోనూ ఆల్రెడీ మెదడు చెడిన మనిషికి.

మావయ్య: ఒప్పుకున్నాను. ఇక నా చివరి ప్రశ్న. మా రోజుల్లో ఈ డెల్టాలో ఫైలేరియా. రాత్రిపూట ఇళ్లకెళ్లి రక్తం తీసి, పురుగు చూసి, పేరు పెట్టేవాళ్లం. పెట్టగానే మాత్ర ఉంది. హెట్రజాన్. అది ఎవరు కనిపెట్టారు? మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం, 1947లో, అమెరికాలో లెడర్లీలో. పేరు పెట్టడమంటే అదీ. నీ పీఎస్‌పీకి పేరు పెట్టి అరవై ఏళ్లు దాటింది. మాత్ర ఏది? టౌని పట్టే యాంటీబాడీలు రెండు, గోసురానెమాబ్, టిలావోనెమాబ్, రెండూ చేతులెత్తేశాయని నేనూ చదివాను.

మేనకోడలు: ఫైలేరియా పురుగు దోమలో పెరుగుతుందని ప్యాట్రిక్ మాన్సన్ చూసింది 1877లో. సుబ్బారావుగారి మందు 1947లో. మధ్యలో డెబ్భై ఏళ్లు. ఆ డెబ్భై ఏళ్లూ మీలాంటి డాక్టరు ఎవరో "కాలువాపుల్లో ఇన్ని రకాలెందుకు, అన్నీ కాలువాపులే" అని వదిలేసి ఉంటే ఆ మందుని ఎవరి మీద పరీక్షించేవారు? ఆ యాంటీబాడీలు పనిచెయ్యలేదని తెలిసింది కూడా పీఎస్‌పీ వాళ్లని విడిగా తీసి పరీక్షించారు కాబట్టే. పార్కిన్సన్స్ వాళ్లతో కలిపేసి ఉంటే ఏదీ తెలిసేది కాదు.

మావయ్య: నువ్వు చెప్పే లెక్కలన్నీ లండన్ మెదళ్లవి, ఫ్లోరిడా మెదళ్లవి. గోదావరి జిల్లాల మెదడు ఒక్కటైనా ఉందా అందులో?

మేనకోడలు: అదే నా బాధ. మన దగ్గర వేరే రకాలూ ఉన్నాయి. 1971లో బొంబాయిలో నోషిర్ వాడియా, స్వామి అనే ఇద్దరు కనుచూపు మెల్లగా కదిలే ఒక కుటుంబ జబ్బుని వర్ణించారు. ఇప్పుడు దాన్ని ఎస్‌సీఏ2 అంటున్నాం. ఒక్కోసారి అది ఎంఎస్‌ఏలాగానో పీఎస్‌పీలాగానో కనిపిస్తుంది. దానికి రక్తంలో జన్యు పరీక్ష ఉంది, బతికుండగానే తేలుతుంది. అందుకే "మీ నాన్నగారు ఎలా నడిచేవారు" అని అడుగుతాను. ఇక మెదళ్ల సంగతి. బెంగళూరు నింహాన్స్‌లో డాక్టర్ ఎస్.కె. శంకర్ 1995లో బ్రెయిన్ బ్యాంకు పెట్టారు. ఇక్కడ కళ్లు ఇస్తున్నారు, కాకినాడ రంగరాయ వైద్య కాలేజీకి దేహాలు ఇస్తున్నారు. మెదడు ఇవ్వమని ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

మావయ్య: పొద్దున పోతే సాయంత్రానికి గోదావరి ఒడ్డున కాలిపోవాలి మనకి. మెదడు తీయాలంటే కొన్ని గంటల్లో జరగాలి, తీసేవాడు ఇక్కడుండాలి. బెంగళూరు ఎక్కడ, ముమ్మిడివరం ఎక్కడ? జనాన్ని అనకు, ముందు ఏర్పాటు చెయ్యమను. కాకినాడలో పెద్దాసుపత్రి ఉంది, వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. తీసి భద్రపరిచే మనిషినీ, ఫ్రిజ్జునీ అక్కడ పెట్టమను. అప్పుడు అడుగుదాం.

మేనకోడలు: అది మీరు రాసివ్వండి, నేను సంతకం పెడతాను.

మావయ్య: రాస్తాను. మాస్టారి చీటీ మీద మాత్రం పీఎస్‌పీ అని తెలుగులో పూర్తిగా రాయి. ఆ కుర్రాడు మళ్లీ గ్రూప్ టూ పుస్తకాలు తీస్తాడు.

ఎవరు నెగ్గారని అడిగితే, మందుల సంచి దగ్గరా ఫ్రిజ్జు దగ్గరా మావయ్య నెగ్గారు. మిగతాచోట్ల మేనకోడలే. ఇంట్లో పెద్దవాళ్లకి ఇలాంటి ఇబ్బంది ఉన్న పాఠకులకి ఒక మనవి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గ్యాస్ మాత్రతో సహా సంచిలో ఉన్నవన్నీ పట్టుకెళ్లండి. నడక, మెట్లు దిగడం, వీలైతే రాత్రి నిద్రలో అరవడం, ఫోనులో వీడియో తీసి చూపించండి. మొదటిసారి ఎప్పుడు పడ్డారో, ముందుకా వెనక్కా అన్నది రాసుకెళ్లండి. బీపీ ఒకసారి పడుకోబెట్టి, ఒకసారి నిలబెట్టి చూడమని అడగండి. మొహమాటపడకండి, అడగాల్సిన పరీక్షే అది.